అష్టా ఎన్నిసార్లు పడాలి?

వీడియో గేములు ఆడటమే కాదు, తయారుచెయ్యడం కూడా నేర్చుకోవాలనుకునే పిల్లలకి ఇవాళ సాధనాల కరువు లేదు. ఎం.ఐ.టి. వాళ్లు 2007లో విడుదల చేసిన స్క్రాచ్ ఉంది. అందులో ఆజ్ఞలన్నీ రంగురంగుల దిమ్మలు. ఒకదానికొకటి తగిలించుకుంటూ పోతే తెర మీద పిల్లి నడుస్తుంది. అర్జెంటీనాకి చెందిన హువాన్ లినియెట్‌స్కీ, ఏరియెల్ మన్సూర్ తయారుచేసి 2014లో మూలరూపంతో సహా లోకానికి ఇచ్చేసిన గొడో ఉంది. డబ్బు కట్టక్కర్లేదు, పాత ల్యాప్‌టాప్ మీద కూడా నడుస్తుంది, ఆండ్రాయిడ్ ఫోన్లో నడిచే ఎడిటర్ కూడా వచ్చింది. దాని భాష జీడీస్క్రిప్ట్ చూడటానికి పైథాన్‌కి పినతల్లి కూతురిలా ఉంటుంది. బ్రెజిల్‌లో, రియోలోని ఒక విశ్వవిద్యాలయంలో 1993లో పుట్టిన లువా ఉంది. పోర్చుగీసులో ఆ మాటకి అర్థం చందమామ. పిల్లలు విడవకుండా ఆడే రోబ్లాక్స్‌లో ఆటలు రాసేది ఆ లువా నుంచి తీర్చిదిద్దుకున్న భాషలోనే.

సాధనం ఏదైనా మొదటి పాఠం ఒక్కటే: ఇలా అయితే అలా చెయ్యి. మీట నొక్కితే దూకు. గోడ తగిలితే ఆగు. ప్రాణాలు సున్నా అయితే ఆట ముగించు. నేర్పేవాళ్లు దీన్ని 'కండిషన్' అంటారు, నేర్చుకునేవాళ్లు అర్థమైందని తలూపి తర్వాత పాఠానికి వెళ్లిపోతారు. కానీ ఆ మొదటి పాఠంలోనే, ఎవరూ పేరుపెట్టి చెప్పని పని ఒకటి ఆ కుర్రాడి చేతికి వచ్చేసింది. వాడు నియమం రాశాడు. ఆడేవాడు దాన్ని ఉల్లంఘించలేడు, ప్రశ్నించలేడు, చాలాసార్లు చూడను కూడా చూడలేడు.

ఇలాంటి నియమం రాసేవాడికి, దాని కింద ఆడేవాడి పట్ల ఏమైనా ధర్మం ఉంటుందా? ఉంటే అది ఏమిటి?

*

ముందు పాత ఆటల సంగతి చూద్దాం. పులిమేక ఆడినవాళ్లకి తెలుసు: మూడు పులులు, పదిహేను మేకలు, గుడి అరుగు మీద సుద్దముక్కతో గీసిన గళ్లు. నియమాలు ఎక్కడా రాసి ఉండవు. ఆడేవాళ్లిద్దరి మధ్య, చుట్టూ మూగినవాళ్ల మధ్య ఉంటాయి. ఎన్ని మేకలు పోతే ఓడినట్టు అన్నది ఊరూరికీ మారుతుంది. పక్క ఊరివాడు వచ్చి కూర్చుంటే మొదటి పది నిమిషాలూ "మా ఊళ్లో ఇలా కాదు" అన్న తగువే. ఆ తగువు కూడా ఆటలో భాగమే. నియమాన్ని అడ్డుకోవచ్చు, బతిమాలి సడలించుకోవచ్చు, దొంగాట ఆడి పట్టుబడి నలుగురిలో నవ్వులపాలు కావచ్చు. నియమం ఉన్నది మనుషుల ఒప్పుదలలో. ఒప్పుదల పోతే ఆట అక్కడితో ఆగిపోతుంది.

కోడ్‌లో రాసిన నియమానికి ఈ తగువు లేదు. తెర మీది పులి ఒక గడి దాటి దూకదు అంటే దూకదంతే. అది మేలు కూడా: దొంగాట లేదు, గొడవ లేదు, పెద్దరికం చూపించి చిన్నపిల్లల మేకల్ని లాక్కునే అన్నయ్య లేడు. కానీ తగువుతోపాటు ఇంకొకటి కూడా పోయింది. అరుగు మీద ఇద్దరు మోసే బరువు ఇక్కడ ఒక్కడి నెత్తిన పడింది. ఆడేవాడు నియమాన్ని సరిదిద్దలేడు కాబట్టి రాసేవాడే తప్పులేకుండా రాయాలి. ఆడేవాడు చూడలేడు కాబట్టి రాసేవాడే నిజాయితీగా ఉండాలి.

మాటవరసకి అంటున్నది కాదిది. మా మేనల్లుడు వడ్డాదిలో ఉంటాడు. చోడవరం నుంచి మాడుగుల వెళ్లే దారిలో, పెద్దేరు ఒడ్డున, కొండ మీద వేంకటేశ్వరుడి గుడి ఉన్న ఊరు. ఇంటర్ చదువుతూ గొడో పట్టుకున్నాడు. అందరిలా తుపాకుల ఆట మొదలుపెట్టి, బొమ్మలు గియ్యలేక విసిగి, చివరికి అష్టాచెమ్మా చేద్దామనుకున్నాడు. అది తెలివైన నిర్ణయం. బొమ్మలు అక్కర్లేదు, అయిదు గళ్లు అడ్డం, అయిదు నిలువు, నాలుగు గవ్వలు చాలు.

నాలుగు గవ్వలు వేస్తే పడేవి అయిదు రకాలు: ఒకటి, రెండు, మూడు, నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా అంటే నాలుగు, నాలుగూ బోర్లా పడితే అష్టా అంటే ఎనిమిది. వాడు ఈ అయిదింటినీ ఒక వరసలో పెట్టి, వీటిలో ఏదో ఒకటి యాదృచ్ఛికంగా తియ్యి అని ఒక్క వాక్యం రాశాడు. నడిచింది. అమ్మమ్మని కూర్చోబెట్టి ఫోను చేతికిచ్చాడు. ఆవిడ పది పందేలు వేసి ఫోను పక్కన పెట్టేసింది.

"ఇదేట్రా, ఈ గవ్వలకి దెయ్యం పట్టిందేటి? ఇన్నేసి అష్టాలు ఏ జన్మలోనైనా పడ్డాయేటి?"

"లేదమ్మమ్మా, రాండమ్‌గానే వస్తన్నాయి."

"నీ రాండమ్ నాకు తెల్దు గానీ, గవ్వలు నాకు తెలుసు."

ఆవిడ మాటే రైటు. గవ్వని నాణెంలా సగానికి సగం అనుకున్నా, నాలుగు గవ్వలు పడే తీరులు 16. అందులో ఒకటి పడేవి 4, రెండు పడేవి 6, మూడు పడేవి 4, చెమ్మా 1, అష్టా 1. అంటే అష్టా పదహారింట ఒకసారి రావాలి. మా వాడి ఆటలో అయిదింట ఒకసారి వస్తోంది. అష్టాకి, చెమ్మాకి మళ్లీ ఇంకో పందెం ఉంటుంది కాబట్టి, ఎనిమిదింట ఒకసారి దక్కాల్సిన వరం అయిదింట రెండుసార్లు దక్కుతోంది. నిజం గవ్వకి వీపు ఉబ్బు, పొట్ట చదును కాబట్టి అసలు లెక్క ఇంకాస్త వేరేగా ఉంటుంది. ఆ లెక్క ఆవిడ చేతివేళ్లకి అరవై ఏళ్లుగా తెలుసు, నోటితో అంకెల్లో చెప్పలేదు, అంతే. 'యాదృచ్ఛికం' అన్న ఒక్క మాట వెనక ఎన్నో రకాల లోకాలు ఉంటాయని, వాటిలో ఒకటి ఎంచుకోవడం రాసేవాడి పనేనని వాడికి ఆ రోజు తెలిసింది. గవ్వకొకటి చొప్పున నాలుగు సార్లు సున్నా-ఒకటి తీసి కూడాడు. ఆట బాగుపడింది.

ఇంతవరకూ లెక్క తప్పే. ధర్మసందేహం తర్వాత వచ్చింది.

*

అమ్మమ్మ వరసగా ఓడిపోతోందని వాడికి జాలేసింది. మూడు ఆటలు వరసగా ఓడితే నాలుగో ఆటలో ఆవిడకి అష్టా, చెమ్మా కాస్త ఎక్కువ పడేలా ఒక షరతు చేర్చాడు. నాలుగు పంక్తులు. ఆవిడ గెలవడం మొదలుపెట్టింది. పక్కింటివాళ్లకి చెప్పుకుంది. వారం పోయాక వాడే నోరు జారి నవ్వుతూ చెప్పేశాడు. ఆవిడ నవ్వలేదు.

"అయితే గెలిచింది నేను కాదన్నమాట. నా తరఫునా నువ్వే ఆడీసేవు."

పైసా నష్టం లేదు. చేసింది ప్రేమతోనే. అయినా ఆవిడకి ఏదో పోయింది. ఏం పోయింది?

బెర్నార్డ్ సూట్స్ అనే తత్వవేత్త 1978లో వచ్చిన తన 'ది గ్రాస్‌హాపర్' అనే పుస్తకంలో ఆట అంటే ఏమిటో నిర్వచించే ప్రయత్నం చేశాడు. ఆయన వాదన సారం ఇది: అక్కర్లేని అడ్డంకుల్ని మనంతట మనం నెత్తినేసుకుని దాటడానికి ప్రయత్నించడమే ఆట. కాయని నేరుగా నడిగడిలో పెట్టేస్తే పనయిపోతుంది. కానీ గవ్వలు చెప్పినంతే జరుపుతామని ఒప్పుకుని చుట్టూ తిరుగుతాం. ఈ వెలుగులో చూస్తే అమ్మమ్మ బాధ అర్థమవుతుంది. ఆవిడ ఒప్పుకున్న అడ్డంకి ఒకటి, ఆవిడ ముందు నిజంగా ఉన్నది ఇంకొకటి. అడ్డంకిని చెప్పకుండా తగ్గిస్తే గెలుపుని ఇచ్చినట్టు కాదు, గెలిచే వీలుని తీసేసినట్టు.

అలాగని ఆడేవాడికి అనుకూలంగా లెక్క మార్చడం ఎప్పుడూ తప్పేనా? పేరున్న ఆటలన్నిటిలో ఇది ఉన్నదే. 'సివిలైజేషన్' ఆటలు చేసిన సిడ్ మైయర్ 2010లో ఆటల తయారీదారుల సభలో చెప్పిన సంగతి ప్రసిద్ధం: మూడుకి ఒకటి చొప్పున బలం తన వైపు ఉంటే ఓడిపోవడాన్ని ఆటగాడు అసలు ఒప్పుకోడు. లెక్క ప్రకారం నాలుగింట ఒకసారి ఓడాలి కదా అంటే వినడు. కాబట్టి వాళ్లు లెక్కని మనిషి మనసుకి తగ్గట్టు సర్దారు. జపాన్‌వాళ్ల 'ఫైర్ ఎంబ్లమ్' వరసలో 2002 నుంచి చాలా భాగాల్లో, దెబ్బ తగిలే అవకాశం తెర మీద 90 శాతం అని చూపిస్తే, లోపల రెండు సంఖ్యలు తీసి సగటు చూస్తారు. దాంతో అసలు అవకాశం సుమారు 98 అవుతుంది. 10 అని చూపించింది 2కి దిగిపోతుంది. ఇక గంతుల ఆటల్లో, అంచు దాటి గాల్లోకి వచ్చేశాక కూడా రెప్పపాటు కాలం దూకడానికి ఒప్పుకునే వెసులుబాటు ఉంటుంది. కార్టూన్లో కొండ అంచు దాటి కాసేపు గాల్లో నిలబడే నక్క పేరు మీద దాన్ని కొయొటీ టైమ్ అంటారు. అది లేని ఆట ఆడితే మన వేళ్లు మనకే మోసం చేస్తున్నట్టుంటుంది.

ఇవన్నీ అబద్ధాలేనా? అన్నీ ఒకే రకం అబద్ధాలా?

*

ఇక్కడ నాకు పనికొచ్చిన గీటురాయి కాంట్‌ది. 1795లో శాశ్వత శాంతి గురించి రాసిన వ్యాసానికి అనుబంధంలో ఆయన ఒక పరీక్ష పెట్టాడు: ఇతరుల హక్కుకి సంబంధించిన పని ఏదైనా సరే, దాని వెనకున్న సూత్రాన్ని బయటికి చెబితే పని చెడిపోతుందంటే ఆ పని అన్యాయం. రాజ్యాల కోసం పెట్టిన పరీక్ష అది. ఆటలకీ సరిపోతుంది. నువ్వు రాసిన నియమాన్ని ఆడేవాడి మొహం మీద చెప్పగలవా? చెప్పాక కూడా వాడు ఆడతాడా?

కొయొటీ టైమ్ ఈ పరీక్ష దాటుతుంది. దాని గురించి తెలియని కుర్రాడు ఇవాళ లేడు, తెలిసీ ఆడతారు, లేకపోతే తిడతారు. ఫైర్ ఎంబ్లమ్ లెక్క కూడా అభిమానులు ఎప్పుడో తవ్వి బయటపెట్టారు, అయినా ఆట నిలిచింది. మా వాడి నాలుగు పంక్తులు మాత్రం చెప్పగానే చెడిపోయాయి. వాడు ఆ పంక్తుల్ని తీసెయ్యలేదు. ఆట మొదట్లో 'సాయం కావాలా?' అని ఒక మీట పెట్టాడు. అదే షరతు, అదే లెక్క, ఇప్పుడు కనబడుతుంది. అమ్మమ్మ దాన్ని తనకి పెట్టుకోదు, చిన్న మనవరాలు ఆడేటప్పుడు పెడుతుంది. కోడ్‌లో తేడా దాదాపు ఏమీ లేదు. మనుషుల మధ్య తేడా అంతా అదే.

రహస్యమే తప్పని అనడం లేదు. మన పశువుల సంతలో బేరం చూడండి. తువ్వాలు కింద చేతులు పెట్టి వేళ్లు పట్టుకుని ధర చెప్పుకుంటారు. చుట్టూ ఉన్నవాళ్లకి కనబడదు. కానీ బేరమాడే ఇద్దరికీ ఒక్కో వేలు ఎంతో తెలుసు. దాచింది మూడోవాడి నుంచి. అలాగే రహస్యాల ఆటలో హంతకుడు ఎవరో దాచడం తప్పు కాదు. దాచారని ఆడేవాడికి తెలుసు, దాచమనే అడిగాడు. ఆటలోని సంగతిని దాచడం వేరు, ఆట నియమాన్నే దాచి వేరే నియమాన్ని చూపించడం వేరు.

వడ్డాది పేరు చెప్పాను కాబట్టి ఇంకో మాట. మధ్యయుగంలో ఒడ్డాది మత్స్యులనే రాజులు ఏలిన చోటు అది. వాళ్ల శాసనాలు సింహాచలం గుడిలో ఉన్నాయి. మన భాషలో 'శాసనం' అంటే ఆజ్ఞ, ఆ ఆజ్ఞని చెక్కిన రాయి కూడా. రెంటికీ ఒకే మాట. చదవగలిగినవాళ్లు ఆ రోజుల్లో ఎందరుంటారు? అయినా రాసింది గుడి స్తంభం మీద, పదిమందీ నడిచే చోట. ఆజ్ఞ ఇచ్చినవాడు దాన్ని బయట పెట్టకుండా ఉంటే అది సగం శాసనమే. కోడ్ సరిగ్గా ఆ సగం శాసనం: ఆజ్ఞ ఉంది, రాయి లేదు.

*

ఇదంతా ఇంటి అరుగు మీద ఆటలకి పెద్ద గొడవ చేస్తున్నట్టు అనిపించవచ్చు. డబ్బు వచ్చి చేరితే అనిపించదు.

రమ్మీ జూదమా కాదా అన్న ప్రశ్న సుప్రీంకోర్టుకి వెళ్లింది మన దగ్గర్నుంచే. సికింద్రాబాదులోని ఒక క్లబ్బు మీద ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పెట్టిన కేసు. 1967 నవంబరులో కోర్టు తీర్పు చెప్పింది: రమ్మీ ప్రధానంగా నైపుణ్యం ఆట, పడిన ముక్కల్ని గుర్తుపెట్టుకోవాలి, ఏది పట్టాలో ఏది వదలాలో తెలియాలి. ముక్కలు కలిపి పంచే ఏ ఆటలోనైనా అదృష్టం పాలు కొంత ఉండనే ఉంటుందని కూడా అంది. ఆ తీర్పు వచ్చిన నాటి క్లబ్బులో ముక్కలు కలిపేది బల్ల మీద, అందరి కళ్లెదుట, ఒక మనిషి చెయ్యి. తర్వాత యాభై ఏళ్లకి అదే రమ్మీ ఫోన్లోకి వచ్చింది. ఇప్పుడు ముక్కలు కలిపేది కోడ్‌లో ఒక చిన్న విభాగం. దాన్ని చూసినవాడు లేడు.

ముక్కలు సరిగ్గా కలపడం ఎంత కష్టమో 1999లో బయటపడింది. ఇంటర్నెట్ పోకర్ సాఫ్ట్‌వేర్ తయారుచేసిన ఒక సంస్థ, మా ఆట ఎంత న్యాయమైనదో చూడండని తను ముక్కలు కలిపే పద్ధతిని ప్రచురించింది. కొందరు ప్రోగ్రామర్లు చదివారు. 52 ముక్కలు పేర్చే తీరులు 8 పక్కన 67 సున్నాలంత ఉంటే, ఆ కోడ్ అర్ధరాత్రి నుంచి గడిచిన మిల్లీసెకన్ల లెక్కతో మొదలవుతోంది కాబట్టి రోజుకి 8 కోట్ల 64 లక్షల పేర్పులకి మించి రావు. గడియారం సరిచూసుకుంటే ఇంకా తగ్గుతాయి. కొన్ని ముక్కలు కనబడగానే మిగతావాళ్ల చేతుల్లో ఏమున్నాయో చెప్పెయ్యగలిగారు. ఆ సంస్థ మోసం చెయ్యాలనుకోలేదు. బయటపెట్టింది కాబట్టే తప్పు దొరికింది, సరిదిద్దుకున్నారు. బయటపెట్టడం నిజాయితీకి గుర్తే కాదు, తప్పు దిద్దుకునే దారి కూడా.

మహాభారతంలో నలుడు పోగొట్టుకున్న రాజ్యాన్ని తిరిగి గెలిచింది అక్షహృదయం నేర్చుకున్నాక. ఋతుపర్ణుడు తాండ్రచెట్టు ఆకుల్ని, కాయల్ని నిలబడ్డచోటే లెక్కగట్టి చూపించి ఆ విద్య ఇచ్చాడు. పాచికల గుండె అంటే లెక్కే. ఇవాళ ఆ అక్షహృదయం ఆడించేవాడి దగ్గరే ఉంది, ఆడేవాడికి నేర్పే ఋతుపర్ణుడు లేడు. ఫోన్లో పందెం ఆటల్ని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025లో కేంద్రమే చట్టం చేసింది. చట్టం మంచిదా, ఎంతవరకు పనిచేస్తుంది అన్నది వేరే చర్చ. నాకు అనిపించేది ఇది: ఆ యాప్‌లు రాసినవాళ్లు కూడా ఒకనాడు ఎక్కడో 'ఇలా అయితే అలా చెయ్యి' అని మొదటి పాఠం నేర్చుకున్నవాళ్లే.

రాసేవాళ్లకీ ఈ మందు రుచి తెలుసు. 2023 సెప్టెంబరులో యూనిటీ అనే ఇంజిన్ సంస్థ, ఆట ఒక్కోసారి కొత్తగా ఇన్‌స్టాల్ అయినప్పుడల్లా తయారుచేసినవాళ్లు రుసుము కట్టాలని ప్రకటించింది. ఏళ్లతరబడి దాని మీద ఆటలు కట్టుకున్నవాళ్లు భగ్గుమన్నారు. సగం ఆట అయ్యాక నియమం మారుస్తారా అన్నదే వాళ్ల మాట. ఏడాదికి ఆ రుసుము రద్దయింది. ఆ కోపం న్యాయమైనదే. అదే కోపం తమ ఆట ఆడేవాడికి కూడా రావచ్చని ఎందరికి తట్టిందో మరి.

*

ఈ గీటురాయి అన్నిటికీ సరిపోదు, అదీ చెప్పాలి. పెట్టెలో ఏముందో తెలియకుండా డబ్బిచ్చి కొనే 'లూట్ బాక్సు'ల్లో ఏది ఎంత అరుదో ప్రకటించాలని చైనా 2017లో నియమం పెట్టింది. అంకెలు బయటికొచ్చాయి. కొనేవాళ్లు కొంటూనే ఉన్నారు. అంతా చెప్పి కూడా మనిషిని పట్టి ఉంచొచ్చు. రోజూ వస్తేనే బహుమతి, ఒక్కరోజు మానితే మొదటికి అనే ఆటలో దాచిందేమీ లేదు, అయినా వదలబుద్ధి కాదు. చెప్పగలగడం అబద్ధాన్ని పట్టుకుంటుంది, వలని పట్టుకోదు.

దానికి రెండో ప్రశ్న కావాలి. దాన్ని అష్టాచెమ్మా భాషలోనే అడగొచ్చు. చుట్లన్నీ తిరిగి నడిగడిలోకి చేరిన కాయని 'పండింది' అంటాం. నాలుగు కాయలూ పండితే ఆట అయిపోతుంది, పీట ఎత్తేసి అన్నాలకి లేస్తాం. ఆటకి ముగింపు ఉండటం కూడా ఆడేవాడి పట్ల ఒక మర్యాద. నీ రోజు నీకు తిరిగి ఇచ్చేస్తున్నాను అని చెప్పడం. కాయ ఎప్పటికీ పండకుండా ఉండేలా రాసిన ఆటలో నియమాలన్నీ బహిరంగంగా ఉన్నా, ఆడేవాడే అందులో కాయ.

కాబట్టి కొత్తగా మొదలుపెట్టే పిల్లలకి నేను చెప్పగలిగేది సాంకేతికం కాదు. ఏ ఇంజిన్ అన్నది పెద్ద విషయం కాదు, ఊళ్లో దొరికే ఫోన్లో ఏది నడిస్తే అది. జీడీస్క్రిప్ట్‌లో పంక్తి ముందు ఒక గుర్తు పెడితే ఆ పంక్తిని యంత్రం పట్టించుకోదు, మనుషుల కోసం రాసుకునే వ్యాఖ్య అది. లువాలో, పైథాన్‌లో కూడా అలాంటిది ఉంది. అక్కడ తెలుగులో రాసుకోవచ్చు. ప్రతి షరతు పైనా, ఇది ఆడేవాడికి ఏం చేస్తుందో ఒక్క వాక్యం, ఎదురుగా కూర్చున్న మనిషితో అన్నట్టుగా రాయండి. "మీరు మూడుసార్లు ఓడితే నేను మీకు సాయం చేస్తాను." "మీరు రెండు రోజులు రాకపోతే మీ దగ్గరున్నది తీసేసుకుంటాను." కొన్ని వాక్యాలు సులువుగా వస్తాయి. కొన్ని రాయడానికి చెయ్యి రాదు. చెయ్యి రానిచోట, ఆ వాక్యాన్ని కాదు, దాని కిందున్న కోడ్‌ని మార్చాలి.